మ్యాక్‌లో విండోస్ గేమ్: ముందు గేమ్ పేరు చెప్పండి

పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా పని. తిరుచానూరులో పొద్దున తాళి కడితే సాయంత్రానికల్లా స్టేటస్‌లో పెట్టుకోవడానికి టీజర్ అడిగే రోజులివి. అందుకని ఎం1 ప్రో చిప్, 16 జీబీ ర్యామ్ ఉన్న మ్యాక్‌బుక్ ప్రో పెట్టుకున్నాను. ముహూర్తాలు ఉన్నన్నాళ్లు దానికీ నాకూ ఊపిరాడదు. ఆషాఢం వస్తే ఇద్దరికీ సెలవు. ఆ సెలవుల్లో నేను ఆడేవన్నీ విండోస్ గేములే. అది చూసినవాళ్లు, ముఖ్యంగా ఇంజనీరింగ్ చదివే పిల్లలు, అడిగే మాట ఒకటే: "అక్కా, మ్యాక్‌లో గేమ్స్ ఆడొచ్చా?"

"ఏ గేమ్?" అని నేను ఎదురు అడుగుతాను. ఇందులో అసలు కిటుకంతా అదే. ఒక గేమ్ డబుల్ క్లిక్ చేస్తే నడుస్తుంది, ఇంకోటి కాస్త తంటాలు పడితే నడుస్తుంది, మరోటి తలకిందులుగా తపస్సు చేసినా నడవదు. ఏ సాఫ్ట్‌వేర్ వేయాలి, డబ్బు పెట్టాలా వద్దా అన్నవన్నీ గేమ్ పేరు తేలాకే. చాలామంది ముందు సాఫ్ట్‌వేర్ కొని, తర్వాత గేమ్ వెతుక్కుంటారు. మీరు గేమ్ పేరుతో మొదలుపెట్టండి.

మీ మ్యాక్ ఏ రకం?

స్క్రీన్ మీద ఎడమ వైపు పైన యాపిల్ గుర్తు నొక్కి, అబౌట్ దిస్ మ్యాక్ తెరవండి. చిప్ అన్నచోట ఎం1, ఎం2, ఎం3 లాంటి యాపిల్ చిప్ పేరు ఉంటే ఈ వ్యాసం మీకే. ఇంటెల్ అని ఉంటే మీ దారి వేరు. 2006 నుంచి ఉన్న బూట్ క్యాంప్‌తో నేరుగా విండోస్ వేసుకుని, మ్యాక్‌ని పూర్తిగా విండోస్ ల్యాప్‌టాప్‌లా వాడుకోవచ్చు. 2020 చివర్లో ఎం1 వచ్చాక ఆ సౌకర్యం పోయింది. యాపిల్ చిప్ మ్యాక్‌లో బూట్ క్యాంప్ పెట్టి ఇస్తామని ఎవరైనా అంటే నమ్మొద్దు. గేముల కోసమే చెన్నై నుంచి సెకండ్ హ్యాండ్ ఇంటెల్ మ్యాక్ తెప్పించుకుందామని కొందరు అనుకుంటారు. నా మాట వినండి, ఆ డబ్బుతో పాత విండోస్ పీసీ కొనుక్కోవడం మేలు. ఇంటెల్ మ్యాక్‌లకు వచ్చే చివరి మ్యాక్ఓఎస్ వెర్షన్ 26 అని యాపిల్ 2025లోనే చెప్పేసింది.

ఇంకో మాట. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచి పని చేస్తూ, ఆ కంపెనీ ఇచ్చిన మ్యాక్‌లో ఇవన్నీ వేద్దామనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి. అందులో మీరు ఏం ఇన్‌స్టాల్ చేశారో వాళ్ల ఐటీ టీమ్‌కి కనబడుతుంది.

మ్యాక్ వెర్షన్ ఉందేమో చూడండి

ఇది చూడకుండానే కష్టపడిపోయేవాళ్లు ఎందరో. గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో గేమ్ పేజీ తెరిస్తే, కొనే బటన్ దగ్గర విండోస్ గుర్తు పక్కన యాపిల్ గుర్తు కూడా ఉందేమో చూడండి. బాల్డర్స్ గేట్ 3, నో మ్యాన్స్ స్కై, సివిలైజేషన్ 6, స్టార్‌డ్యూ వ్యాలీ, డోటా 2 వీటన్నిటికీ మ్యాక్ వెర్షన్ ఉంది. సైబర్‌పంక్ 2077కి 2025 జూలైలో వచ్చింది. స్టీమ్‌లో సైబర్‌పంక్ ఇదివరకే విండోస్ కోసం కొని ఉంటే మళ్లీ కొనక్కర్లేదు, అదే లైబ్రరీలో మ్యాక్‌కి కూడా దిగుతుంది. అన్నీ ఇలా ఉండవు. రెసిడెంట్ ఈవిల్ విలేజ్ మ్యాక్ వెర్షన్ యాపిల్ యాప్ స్టోర్‌లో విడిగా అమ్ముతారు. స్టీమ్‌లో కొన్న కాపీ దానికి పనికిరాదు.

యాపిల్ గుర్తు కనిపించినా పాత గేములతో కొంచెం జాగ్రత్త. 2019లో వచ్చిన మ్యాక్ఓఎస్ క్యాటలీనా నుంచి 32 బిట్ ప్రోగ్రాములు మ్యాక్‌లో తెరుచుకోవు. అంతకుముందు తయారై, తర్వాత ఎవరూ పట్టించుకోని మ్యాక్ గేములన్నీ ఆ రోజుతో మూలన పడ్డాయి. తమాషా ఏమిటంటే, వాటిలో చాలావాటి విండోస్ కాపీ మాత్రం కింద చెప్పబోయే పద్ధతిలో ఇప్పటికీ నడుస్తుంది.

వాలరెంట్ అడిగేవాళ్లకు

మా పిన్ని వాళ్లు మా ఇంట్లోనే పై వాటాలో ఉంటారు. వాళ్లబ్బాయికి కాలేజీలో చేరినప్పుడు ఎం2 ఎయిర్ కొనిచ్చారు. వాడు కిందికి దిగి అడిగిన మొదటి గేమ్ వాలరెంట్.

"రాదురా."

"ఏదో ఒక దారి ఉంటుంది కదక్కా?"

"లేదు. ఎందుకో చెబుతాను, కూర్చో."

మోసం చేసే ఆటగాళ్లను పట్టుకోవడానికి ఆన్‌లైన్ గేములు యాంటీ చీట్ ప్రోగ్రామ్ ఒకటి వెంట తెచ్చుకుంటాయి. వాలరెంట్‌లో దాని పేరు వ్యాన్‌గార్డ్. అది మామూలు ప్రోగ్రామ్‌లా పైపైన కూర్చోదు, విండోస్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ లోపలికి వెళ్లి అక్కడి నుంచి కంప్యూటర్ మొత్తం కనిపెట్టి చూస్తుంది. మన మ్యాక్‌లో అసలు విండోస్ కెర్నెలే లేదు. అది దిగడానికి చోటు లేదు, దిగలేకపోతే గేమ్ తెరవనివ్వదు. ఇది ఏ సెట్టింగ్ మార్చినా తీరే సమస్య కాదు. పబ్‌జీ పీసీ వెర్షన్, ఫోర్ట్‌నైట్, కొత్త కాల్ ఆఫ్ డ్యూటీలు, ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ అన్నీ ఈ కోవలోవే. ఫుట్‌బాల్ గేమ్‌లో కూడా 2022లో ఫిఫా 23 నుంచి ఈఏ సొంత యాంటీ చీట్ పెట్టింది. జీటీఏ 5 కథ రెండు ముక్కలు: 2024 సెప్టెంబర్ నుంచి ఆన్‌లైన్‌కి బ్యాటిల్‌ఐ అనే యాంటీ చీట్ తప్పనిసరి కాబట్టి అది పోయినట్టే. స్టోరీ మోడ్‌కి మాత్రం రాక్‌స్టార్ లాంచర్ సెట్టింగ్స్‌లో బ్యాటిల్‌ఐ ఆపేసుకుని ప్రయత్నించవచ్చు.

యాంటీ చీట్‌ను దాటేస్తామని వీడియోలు చూపించేవాళ్లు ఉంటారు. ఆ దారిన వెళ్తే అకౌంటే బ్యాన్ అవుతుంది. మీ గేమ్ ఈ జాబితాలో ఉంటే డబ్బు ఖర్చు పెట్టకండి. ఇంట్లో విండోస్ పీసీ ఉంటే దాని ముందు కూర్చోండి, లేదా మ్యాక్ వెర్షన్ ఉన్న లీగ్ ఆఫ్ లెజెండ్స్ లాంటిది పట్టండి. మావాడు మొదట మొహం మాడ్చుకున్నాడు, తర్వాత ఒంటరిగా ఆడే గేముల్లో పడ్డాడు. అసలు విషయం ఏమిటంటే, ఒక్కరే కూర్చుని కథ నడిపే గేములకు మ్యాక్ ఇప్పుడు చాలా బాగా పనికొస్తుంది.

క్రాసోవర్

మ్యాక్ వెర్షన్ లేదు, యాంటీ చీట్ గొడవా లేదు. అలాంటి గేముకు నేను వాడేది క్రాసోవర్. ఇందులో విండోస్ ఇన్‌స్టాల్ చేయడం ఉండదు, విండోస్ లైసెన్స్ అక్కర్లేదు.

ఇది ఎలా పని చేస్తుందో తెలిస్తే తర్వాత వచ్చే ఇబ్బందులు అర్థమవుతాయి. మా తిరుపతి గాంధీ రోడ్డు కొట్లలో తమిళం, కన్నడం అయితే ఓనరే చూసుకుంటాడు. మరాఠీలో బేరమాడే యాత్రికులు వస్తే ఆ భాష వచ్చిన కుర్రాడిని పిలుస్తాడు. క్రాసోవర్ ఆ కుర్రాడి పని చేస్తుంది. గేమ్ విండోస్‌ని "ఈ ఫైల్ తెరువు, ఈ విండో గీయి" అని అడుగుతుంది. 1993లో మొదలైన వైన్ అనే ప్రాజెక్టు ఆ అడిగినదాన్ని మ్యాక్‌కి తెలిసిన మాటలోకి మారుస్తుంది. క్రాసోవర్ లోపల ఉన్నది ఆ వైనే. గేమ్ ఇంటెల్ ప్రాసెసర్ కోసం రాసినది కాబట్టి ఆ సూచనలను యాపిల్ చిప్‌కి మార్చే పని యాపిల్ సాఫ్ట్‌వేర్ రోసెట్టా 2ది. మిగిలింది బొమ్మలు గీయడం. విండోస్ గేములు డైరెక్ట్‌ఎక్స్ అనే పద్ధతిలో గీస్తాయి, మ్యాక్ సొంత పద్ధతి మెటల్. 2023 జూన్‌లో యాపిలే గేమ్ పోర్టింగ్ టూల్‌కిట్ పేరుతో డైరెక్ట్‌ఎక్స్ 11, 12ని మెటల్‌కి మార్చే డీ3డీ మెటల్ బయటపెట్టింది. అదే ఏడాది అది క్రాసోవర్‌లోకి వచ్చింది. డైరెక్ట్‌ఎక్స్ 12 గేములు మ్యాక్‌లో నడవడం అప్పటి నుంచే మొదలైంది. ఇన్ని మార్పిళ్ల మధ్య కొంత వేగం పోతుంది. అదే ధరకు వచ్చే గేమింగ్ ల్యాప్‌టాప్‌తో పోల్చుకుని బాధపడేవాళ్లు ఆ ల్యాప్‌టాపే కొనుక్కోవాలి.

డౌన్‌లోడ్ చేసే ముందు క్రాసోవర్ తయారుచేసే కోడ్‌వీవర్స్ వాళ్ల సైట్‌లో, యాపిల్ గేమింగ్ వికీలో మీ గేమ్ పేరు కొట్టి చూడండి. మొదటి దానిలో స్టార్ రేటింగ్ ఉంటుంది. రెండో దానిలో ఏ పద్ధతిలో ఏ గేమ్ నడుస్తుందో పట్టిక ఉంటుంది. రేటింగ్ పక్కన తేదీ కూడా చూడండి. నాలుగేళ్ల కిందటి "నడవదు" ఇప్పుడు నడవొచ్చు, అలాగే పాత "నడుస్తుంది" ఒక అప్‌డేట్‌తో చెడిపోయి ఉండొచ్చు.

ఇప్పుడు విచర్ 3 ఉదాహరణగా తీసుకుందాం. దీనికి మ్యాక్ వెర్షన్ లేదు, యాంటీ చీట్ లేదు, సుమారు 50 జీబీ. నేర్చుకోవడానికి సరిపోయే గేమ్.

క్రాసోవర్ 14 రోజులు ఉచితం, ఏ పనీ ఆపకుండా అంతా వాడనిస్తుంది. దించుకుని అప్లికేషన్స్ ఫోల్డర్‌లోకి లాగండి. మొదటిసారి తెరిచినప్పుడు రోసెట్టా లేకపోతే మ్యాకే వేస్తానని అడుగుతుంది, సరేననండి. తర్వాత ఇన్‌స్టాల్ నొక్కి, వెతికే చోట స్టీమ్ అని టైప్ చేసి, వచ్చినదాన్ని ఎంచుకోండి. అప్పుడు అది ఒక బాటిల్ తయారు చేస్తుంది. బాటిల్ అంటే లోపల సీ డ్రైవ్, ప్రోగ్రామ్ ఫైల్స్ అన్నీ ఉన్న ఒక ఫోల్డర్, అంతే. ఒక స్టోర్‌కి ఒక బాటిల్ పెట్టుకోండి. స్టీమ్, ఎపిక్, పాత సీడీ గేములు అన్నీ ఒకే బాటిల్‌లో కుక్కితే, ఒకదాని కోసం మార్చిన సెట్టింగ్ ఇంకోదాన్ని చెడగొడుతుంది.

మధ్యలో ఫాంట్లు, మైక్రోసాఫ్ట్ ఫైళ్లు వేయాలని అడిగితే అన్నిటికీ ఒప్పుకోండి. స్టీమ్ తెరుచుకున్నాక మీ అకౌంట్‌తో లాగిన్ అవండి. ఇది విండోస్ స్టీమ్. మీ మ్యాక్‌లో మ్యాక్ స్టీమ్ ఇప్పటికే ఉండొచ్చు, రెండూ ఉన్నా పర్వాలేదు, ఒకేసారి రెండూ తెరవకండి. మ్యాక్ స్టీమ్‌లో విచర్ 3 దగ్గర ఇన్‌స్టాల్ బటన్ పని చేయదు, ఈ స్టీమ్‌లో చేస్తుంది. ఒక్కోసారి స్టీమ్ విండో మొత్తం నల్లగా ఉండిపోతుంది. కంగారు పడకుండా ఆ బాటిల్‌లో నడుస్తున్న ప్రోగ్రాములన్నీ మూసేసి మళ్లీ తెరవండి.

డౌన్‌లోడ్ రాత్రి పెట్టుకోవడం మంచిది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో బ్యాటరీ, అందులో ఆప్షన్స్‌లోకి వెళ్లి, ఛార్జర్‌లో ఉన్నప్పుడు స్క్రీన్ ఆరినా మ్యాక్ నిద్రపోకుండా ఉండే ఆప్షన్ ఆన్ చేయండి. మా బైరాగిపట్టెడలో కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది కానీ వైఫై రౌటర్ ఆరిపోతుంది. స్టీమ్ ఆగినచోటి నుంచే మళ్లీ దించుకుంటుంది కాబట్టి టెన్షన్ లేదు. రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ దొరుకుతుంది, అది ఉంటే ఆ చింతా ఉండదు.

గేమ్ దిగాక ప్లే నొక్కే ముందు క్రాసోవర్‌లో ఆ బాటిల్ సెట్టింగ్స్ చూడండి. గ్రాఫిక్స్ అన్నచోట ఆటో ఉంటుంది. మొదట దాన్నే ఉంచండి. గేమ్ తెరుచుకోకపోయినా, మనుషుల మొహాలు నల్లగా వచ్చినా, నేల మాయమైనా అప్పుడు ఒక్కొక్కటే మార్చి చూడాలి: డైరెక్ట్‌ఎక్స్ 12 అయితే డీ3డీ మెటల్, 11 అయితే డీ3డీ మెటల్ లేదా డీఎక్స్ఎంటీ, అంతకన్నా పాతవైతే వైన్ లేదా డీఎక్స్‌వీకే. కింద సింక్రనైజేషన్‌లో ఎంసింక్ పెట్టండి. చాలా గేముల్లో నత్తనడక పోయేది దీనివల్లే. హై రిజల్యూషన్ మోడ్ ఆఫ్‌లో ఉంచండి. మ్యాక్‌బుక్ స్క్రీన్‌కి ఉన్న పిక్సెల్స్ అన్నీ నింపబోతే ఏ గేమైనా చతికిలబడుతుంది. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి. మూడు కలిపి మారిస్తే ఏది బాగుచేసిందో, ఏది చెడగొట్టిందో తేలదు.

విచర్ 3లో ఇంకో మలుపు ఉంది. 2022 డిసెంబర్ అప్‌డేట్ తర్వాత లాంచర్ డైరెక్ట్‌ఎక్స్ 11 కావాలా, 12 కావాలా అని అడుగుతుంది. 11 ఎంచుకోండి. 12లో వచ్చేది ముఖ్యంగా వెలుతురును నిజంలా చూపే రే ట్రేసింగ్, అది మన మ్యాక్‌ల మీద మోయలేని బరువు. ఇలా రెండిటిలో ఒకటి ఎంచుకోమనే గేములు చాలా ఉన్నాయి, నేను ముందు 11తోనే మొదలుపెడతాను.

మొదటి పావుగంట గేమ్ ఆగి ఆగి కదులుతుంది. కొత్త చోటికి వెళ్లినప్పుడల్లా, కొత్త మంత్రం వేసినప్పుడల్లా ఒక తడబాటు. షేడర్లను, అంటే వెలుగునీడలు గీసే చిన్న ప్రోగ్రాములను, అప్పటికప్పుడు మెటల్‌కి మార్చుకుంటోంది కాబట్టి అలా జరుగుతుంది. ఒకసారి మార్చినవి దాచుకుంటుంది, తర్వాత సాఫీగా నడుస్తుంది. మొదటి పది నిమిషాలు చూసి "చెత్త" అని తీసిపారేయకండి. గేమ్ లోపల రిజల్యూషన్ 1920 బై 1200 గానీ అంతకన్నా తక్కువ గానీ పెట్టి, నీడలు మీడియంకి దించి, జుట్టు ఎఫెక్టులు ఆపేయండి. బొమ్మను చిన్నగా గీసి పెద్దది చేసి చూపే ఎఫ్ఎస్ఆర్ అన్న ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి. ఫుల్ స్క్రీన్‌లో ఆడండి. ట్రాక్‌ప్యాడ్‌తో కత్తియుద్ధం చేయడం మాత్రం నరకం. మామూలు మౌస్ అయినా పెట్టుకోండి. పీఎస్5, ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లు బ్లూటూత్‌తో నేరుగా కలుస్తాయి. మౌస్ చేతికి జారిపోతున్నట్టు ఉంటే సిస్టమ్ సెట్టింగ్స్‌లో మౌస్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి పాయింటర్ యాక్సిలరేషన్ ఆపండి.

ఇంతా చేసి నడవకపోతే? స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. అందుకే కొన్న రోజే పరీక్షించండి. సేల్‌లో చవగ్గా వచ్చిందని కొని, ఆషాఢం దాకా దాచుకుంటే ఆ అవకాశం పోతుంది.

క్రాసోవర్‌కి డబ్బు పెట్టాలా అంటే, ట్రయల్‌లో మీ గేమ్ నడిచాకే పెట్టండి. ఏడాది లైసెన్స్ తీసుకుంటే ఆ ఏడాది అప్‌డేట్లు వస్తాయి. గడువు అయ్యాక కూడా మీ దగ్గరున్న వెర్షన్ పని చేస్తూనే ఉంటుంది. జీవితకాల లైసెన్స్ వద్దంటాను. రోసెట్టా పూర్తి రూపంలో మ్యాక్ఓఎస్ 27 దాకానే ఉంటుందని, ఆ తర్వాత కొన్ని పాత గేముల కోసం కొంత భాగం మాత్రం ఉంచుతామని యాపిల్ చెప్పింది. అంత దూరం ఆలోచించి ఇప్పుడే డబ్బు పోయడం నాకు నచ్చదు.

పూర్తిగా ఉచితంగా కావాలంటే

ఒకప్పుడు అందరూ విస్కీ అనే ఉచిత యాప్ వాడేవాళ్లు. 2025లో దాన్ని తయారు చేసినతను ఇక ముందుకు తీసుకెళ్లనని ఆపేశాడు. పాత వీడియోలు చూసి అది వేసుకోకండి. ఇప్పుడు ఉచితమైన దారుల్లో నాకు నచ్చింది హీరోయిక్ గేమ్స్ లాంచర్. ఎపిక్, జీఓజీ, అమెజాన్ స్టోర్లలోని గేములను ఇది తెరుస్తుంది, వైన్ వెర్షన్లు కూడా అందులోంచే దించుకోవచ్చు. ఎపిక్ వారం వారం ఉచితంగా గేములు ఇస్తుంది కాబట్టి చేతిలో పైసా లేని విద్యార్థికి ఇదే మొదటి మెట్టు. అయితే ఏదైనా తేడా వస్తే మీరే గంటలకొద్దీ కూర్చుని పరిష్కరించుకోవాలి. మావాడికి ఆ ఓపిక ఉంది. ముహూర్తాల మధ్య దొరికిన ఒక్క ఆదివారం నాకు సెట్టింగులతో పోకూడదు.

చిన్నప్పుడు నెట్ సెంటర్లో ఆడిన గేముల సీడీ ఇంట్లో ఉందని కొందరు బయటికి తీస్తారు. ఆ కాలపు సీడీల్లో చాలావాటికి ఉన్న కాపీ రక్షణ, విండోస్ 10 నుంచి విండోస్‌లోనే పని చేయడం మానేసింది. మ్యాక్‌లో ఆశ పెట్టుకోకండి. అవే గేములు జీఓజీలో ఏ తాళమూ లేకుండా అమ్ముతారు, సేల్‌లో టిఫిన్ ఖర్చుకి వస్తాయి.

క్రాక్ గేములు వద్దనడానికి నా కారణం

ఇది నీతి పాఠం కాదు. బాటిల్‌లో నడిచే విండోస్ ప్రోగ్రామ్‌కి మీ మ్యాక్ డిస్క్ జడ్ డ్రైవ్‌గా కనబడుతుంది. బాటిల్ అన్నాం కదా అని అది మూత పెట్టిన సీసా కాదు. కొన్ని ఫోల్డర్ల దగ్గర మ్యాక్ పర్మిషన్ అడుగుతుంది, ఆట తొందరలో మనం చదవకుండా ఓకే నొక్కేస్తాం. క్రాక్‌తో పాటు వచ్చిన వైరస్ మీ ఫైళ్లను చదవగలదు, చెరపగలదు, తాళం వేసి డబ్బు అడగగలదు. నా మ్యాక్‌లో ఎవరి కూతురి పెళ్లో, ఎవరి తాతగారి చివరి ఆశీర్వాదమో ఉంటుంది. అవి మళ్లీ తీయలేం కదా. మీ మ్యాక్‌లో ప్రాజెక్ట్ రిపోర్టులు, సర్టిఫికెట్లు, బ్యాంక్ పాస్‌వర్డ్‌లు ఉంటాయి. స్టీమ్‌లో యూపీఐతో కట్టేయొచ్చు, ధరలు రూపాయల్లోనే ఉంటాయి. సేల్ దాకా ఆగితే సరి.

చోటు, వేడి

256 జీబీ మ్యాక్‌లో సిస్టమ్, ఫోటోలు పోను మిగిలేది కొంచెమే. బాల్డర్స్ గేట్ 3 ఒక్కటే 150 జీబీ అడుగుతుంది. బయటి ఎస్ఎస్‌డీ తప్పదు. పాత హార్డ్ డిస్క్ మీద గేమ్ పెట్టకండి, లోడ్ అయ్యేలోపు సంగటి ఉడుకుతుంది. విండోస్‌లో వాడిన డిస్క్ ఎన్‌టీఎఫ్ఎస్ అనే విండోస్ ఫార్మాట్‌లో ఉంటే మ్యాక్ దాన్ని చదువుతుంది గానీ అందులో రాయలేదు. లోపల ఉన్నవి వేరేచోట దాచుకుని, డిస్క్ యుటిలిటీలో మ్యాక్ ఫార్మాట్ అయిన ఏపీఎఫ్ఎస్‌గా ఫార్మాట్ చేయండి. తర్వాత క్రాసోవర్‌లో ఆ బాటిల్‌కి వైన్ కాన్ఫిగరేషన్ తెరిచి, డ్రైవ్స్ ట్యాబ్‌లో ఆ ఎస్ఎస్‌డీని ఒక అక్షరానికి, ఉదాహరణకి డీకి, జోడించండి. స్టీమ్‌లో స్టోరేజ్ కింద ఆ డ్రైవ్‌ని కలిపితే గేములు అక్కడికే దిగుతాయి. క్లయింట్ల ఫుటేజ్ ఉన్న డిస్క్‌నీ, గేముల డిస్క్‌నీ నేను ఎప్పుడూ కలపను.

ర్యామ్ 8 జీబీ ఉన్నవాళ్లు పాత గేములతో, చిన్న గేములతో సరిపెట్టుకోవాలి. ఆ ర్యామ్‌నే గ్రాఫిక్స్ కూడా పంచుకుంటుంది. సైబర్‌పంక్ మ్యాక్ వెర్షన్‌కి కనీసం 16 జీబీ ఉండాలి.

వేడి సంగతి మన ఊరివాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మ్యాక్‌బుక్ వాడాల్సిన గది ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని యాపిల్ రాసింది. మే నెలలో తిరుపతిలో మధ్యాహ్నం 40 దాటడం మామూలే. ఫ్యాన్ కింద కూర్చున్నా గది 35 లోపు ఉండదు. మ్యాక్‌బుక్ ఎయిర్‌కి లోపల ఫ్యానే లేదు. వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మొదటి పది నిమిషాలు బాగా నడిచిన గేమ్ తర్వాత ముక్కుతూ మూలుగుతూ నడిచిందంటే అది గేమ్ తప్పు కాదు. మంచం మీద, దిండు మీద పెట్టకుండా చెక్క బల్ల మీద కాస్త ఎత్తులో పెట్టండి. గేమ్‌లో ఫ్రేమ్ రేట్ సెకనుకి 30కి కట్టేయండి. కథ గేములకు 30 చాలు. ఏసీ గదిలోనో, పొద్దుపోయాకో ఆడండి. మా పిన్ని ఎండాకాలంలో ఎయిర్ మీద తడిగుడ్డ వేద్దామా అని నిజంగానే అడిగింది. వేయకండి.

ప్యారలెల్స్ సంగతి

మ్యాక్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా విండోస్ నడిపే ప్యారలెల్స్ డెస్క్‌టాప్‌లో, యాపిల్ చిప్ లాంటి వాటి కోసం చేసిన ఏఆర్ఎం విండోస్ 11ని మొత్తంగా వేసుకోవచ్చు, 2023 ఫిబ్రవరి నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని అధికారికంగా ఒప్పుకుంది. ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కి చక్కగా ఉంటుంది. గేముల కోసమైతే నేను కొనను. డైరెక్ట్‌ఎక్స్ 12 నడవదు, ఉన్న ర్యామ్‌ని రెండు సిస్టమ్‌లకు పంచాలి, దాని చందాకి తోడు విండోస్ లైసెన్స్ కూడా. యాంటీ చీట్ గేములు ఇక్కడా రావు. అలాంటిదే ఉచితంగా దొరికే యూటీఎమ్‌లో విండోస్ తెరుచుకుంటుంది గానీ, గ్రాఫిక్స్ బలం లేక గేములు కదలవు.

ఇంట్లో విండోస్ పీసీ ఉంటే

పై వాటాలో మా చిన్నాన్నకి గ్రాఫిక్స్ కార్డు ఉన్న పీసీ ఒకటి ఉంది. బరువైన గేములు, క్రాసోవర్‌లో మొండికేసేవి నేను దాని మీదే నడిపి, బొమ్మను నా మ్యాక్‌లోకి తెచ్చుకుంటాను. పీసీలో సన్‌షైన్, మ్యాక్‌లో మూన్‌లైట్ వేయాలి. రెండూ ఉచితం. మూన్‌లైట్‌లో పీసీ కనబడగానే దాని మీద నొక్కితే నాలుగు అంకెల పిన్ చూపిస్తుంది, దాన్ని పీసీలో సన్‌షైన్ పేజీలో కొడితే జత కుదిరింది. అన్నీ స్టీమ్ గేములే అయితే ఇవీ అక్కర్లేదు, స్టీమ్‌లో ఉన్న రిమోట్ ప్లే చాలు.

ఇది బాగుండేదీ, చిరాకు పెట్టేదీ వైఫై మీదే ఆధారపడి ఉంటుంది. పీసీని రౌటర్‌కి లాన్ కేబుల్‌తో కలపండి. మ్యాక్‌ని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి పెట్టండి. రెండూ ఒకే రౌటర్ మీద ఉంటే ఆట ఇంట్లోనే తిరుగుతుంది, గేమ్ తనంతట ఆన్‌లైన్‌కి వెళ్తే తప్ప నెట్ డేటా ఖర్చు కాదు. మ్యాక్ వేడెక్కదు, ఎయిర్‌లో కూడా బ్యాటరీ చాలాసేపు వస్తుంది. పీసీ ఎవరిదో వాళ్ల అనుమతి తీసుకోండి. మా చిన్నాన్న సాయంత్రం ఏడింటికి లెక్కలు రాసుకోవడానికి కూర్చుంటాడు, ఆ తర్వాత అది నాది కాదు.

సేవ్ ఫైళ్లు

స్టీమ్ క్లౌడ్ ఉన్న గేములకు భయం లేదు. అది లేని గేముల సేవ్‌లు బాటిల్ లోపలే, సీ డ్రైవ్‌లో యూజర్స్ కింద ఎక్కడో ఉంటాయి. బాటిల్ చెరిపేస్తే అవీ పోతాయి. క్రాసోవర్‌ని గానీ మ్యాక్ఓఎస్‌ని గానీ అప్‌డేట్ చేసే ముందు ఆ బాటిల్‌ని ఆర్కైవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి బయటి డిస్క్‌లో పెట్టుకోండి. అప్‌డేట్ తర్వాత గేమ్ తెరుచుకోకపోతే పాత క్రాసోవర్ వేసి ఆ ఆర్కైవ్‌ని తిరిగి ఎక్కించవచ్చు. సెప్టెంబర్, అక్టోబర్ ప్రాంతంలో కొత్త మ్యాక్ఓఎస్ వచ్చినప్పుడు మొదటి రోజే ఎక్కించకండి. క్రాసోవర్ వాళ్లు దానికి తగ్గ వెర్షన్ ఇచ్చారని చూసుకుని, అప్పుడు నొక్కండి.